తాతగారి వేట రైఫిల్‌ని బాగుచేసి ఇంట్లోవాళ్లకు కానుకగా ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ తుపాకీ గురించి ఈ గొడవంతా? మీకెలా తెలుసు?

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. పొద్దున ఆఫీసు పని, సాయంత్రం గ్యారేజీలో చెక్కపని. మా నాన్న గుడివాడలో వడ్రంగి కాబట్టి ఉలి, చిత్రిక చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్నవే. మా ఆవిడది ఇక్కడి కుటుంబం. వాళ్ల తాతగారి వించెస్టర్ 94 రైఫిల్ నేలమాళిగలో ఒక తోలు సంచిలో ఏళ్ల తరబడి పడి ఉంది. మా మామగారు దాన్ని నా చేతిలో పెట్టి "నీకు చెక్క తెలుసుగా" అన్నారు. బాగుచేసి మా బావమరిదికి ఇవ్వాలని ఇంట్లో అనుకున్నాం. పదకొండు వారాంతాలు పట్టింది. ఆ తర్వాత మన తెలుగువాళ్లు, ముఖ్యంగా ఇక్కడి అమ్మాయిల్నో అబ్బాయిల్నో పెళ్లి చేసుకున్నవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు అవే ప్రశ్నలు అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

94 అంటే 1894. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. ట్రిగ్గర్ చుట్టూ ఉండే మీటను కిందికి లాగి పైకి తోస్తే తూటా మారుతుంది. పాత కౌబాయ్ సినిమాల్లో కనబడే తరహాదే. దీనికి పేరు తెచ్చిన థర్టీ-థర్టీ తూటా 1895లో వచ్చింది. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ కర్మాగారం 2006లో మూతపడేదాకా అక్కడే చేశారు. మొత్తం డెబ్బై లక్షల పైచిలుకు. అందుకే ఇక్కడ జింకల వేట ఉన్న ప్రతి ఊళ్లో ఎవరో ఒకరి అటక మీద ఒకటి ఉంటుంది. కానుకగా ఇవ్వడం కూడా దీనికి కొత్తేం కాదు: పది లక్షలో తుపాకీని 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కి, ఇరవై లక్షలోదాన్ని 1953లో ఐసెన్‌హోవర్‌కి ఇచ్చారు.

కింద రాసినవాటిలో చాలామటుకు ఇలాగే మీట ఉన్న మార్లిన్ 336కి, సావేజ్ 99కి, మీట బదులు గడియలాంటి బోల్ట్ ఉన్న రైఫిళ్లకి కూడా పనికొస్తాయి. చెక్క చెక్కే, తుప్పు తుప్పే.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. మా మామగారి రైఫిల్‌ని నా గ్యారేజీలో పెట్టుకుని పనిచేయవచ్చా?

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర పెట్టుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, "దగ్గర ఉండడం" కూడా నిషేధమే. ఇంట్లో బల్ల మీద విప్పి పెట్టినా దగ్గర ఉన్నట్టే. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకు వర్తించేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఫెడరల్ అడ్డంకి లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరే.

ఆ మినహాయింపు ఉందని తెలిసినా, వీసా మీద ఉన్నవాళ్లకు నేను చెప్పేది: ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. లేదంటే చెక్క భాగాన్ని మాత్రమే మీ ఇంటికి తెచ్చుకుని, ఇనుము మొత్తం మామగారింట్లోనే ఉంచండి. విప్పేసిన ఉత్త చెక్క తుపాకీ కింద లెక్క కాదు. సీరియల్ నంబరున్న రిసీవర్ (తూటా పట్టే నడిమి భాగం) ఒక్కటే చాలు, చట్టం దృష్టిలో అది పూర్తి తుపాకీ. నేనైతే గ్రీన్ కార్డు వచ్చేదాకా దాని జోలికి పోలేదు. మామగారు నాలుగేళ్లు ఆగారు.

చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

ఖాళీయో కాదో చూడాలి. "తాతగారు ఎప్పుడూ ఖాళీగానే పెట్టేవారు" అనే మాట నమ్మొద్దు. ఈ రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఉన్న సన్నని ట్యూబులో వరసగా ఉంటాయి, బయటికి కనబడవు. గొట్టాన్ని మనుషులు లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి, మీటను పూర్తిగా ఆడిస్తూ ఒక్కటీ బయటికి రానిదాకా చూడాలి. తర్వాత టార్చి వేసి, చిటికెన వేలు పెట్టి తడిమి మరీ చూడాలి. మీకు అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి. తూటాలేమైనా ఉంటే పనిచేసే గదిలో ఉంచొద్దు.

ఆ తర్వాత ఫోటోలు. ప్రతి మరకి, ప్రతి గీతకి. సీరియల్ నంబరు రాసి పెట్టుకోండి. 1968 తుపాకీ నియంత్రణ చట్టం వచ్చాకే అన్ని తుపాకులకూ నంబరు తప్పనిసరి అయింది. అంతకుముందు చవకగా అమ్మిన కొన్నిటికి నంబరే ఉండదు. అది తప్పు కాదు. ఉన్న నంబరు చెరిగిపోవడమే తప్పు, అదీ ఫెడరల్ నేరం. కాబట్టి గరుకు కాగితం నంబరు దరిదాపులకు కూడా పోకూడదు.

పాలిష్ చేస్తే విలువ పోతుందంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. పాత వస్తువులు పోగుచేసేవాళ్లు వెలిసిపోయిన అసలు పూతకి ఇచ్చే ధర, మెరిసే కొత్త పూతకి ఇవ్వరు. వయోమింగ్ రాష్ట్రంలో కోడీ అనే ఊళ్లో ఒక తుపాకుల మ్యూజియం ఉంది. వించెస్టర్ పాత చిట్టాలు అక్కడే ఉన్నాయి. తొలినాళ్ల నంబర్లకైతే ఆ తుపాకీ ఏ తేదీన, ఏ రూపంలో బయటికి వెళ్లిందో ఉత్తరం రాసి ఇస్తారు. మీది మరీ పాతదైనా, మామూలుగా కనబడని నకాషీ పని ఉన్నా, ఏమీ ముట్టుకోకుండా ముందు ఆ ఉత్తరం తెప్పించుకోండి.

మా ఆవిడ తాతగారిది 1950ల నాటి సాదాసీదా కార్బైన్ (పొట్టి గొట్టం రైఫిల్). అమ్మే ఉద్దేశం లేదు. అయినా నేను నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, మొదటి నెలంతా శుభ్రం చేయడం తప్ప ఇంకేం చేయకూడదు. మురికి పోయాక చూస్తే, బాగుచేయాలనుకున్నవాటిలో సగం బాగానే ఉన్నాయి. చెక్క మీద కుడి పక్క ఒక పొడుగాటి గీత ఉంది. తాతగారు ముళ్లకంచె దాటుతూ పడిన రోజుదట. దాన్ని తీసేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. అదే మంచిదైంది.

"1964కి ముందు, 1964 తర్వాత" అని ఎందుకు అంత పట్టింపు?

ఆ ఏడాది వించెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతులు మార్చింది. దిమ్మ నుంచి కోసి చేసే భాగాల స్థానంలో చవకవి వచ్చాయి. మోడల్ 70 బోల్ట్ రైఫిల్‌లో అయితే తూటాను పట్టి లాక్కొచ్చే మౌజర్ తరహా పెద్ద కొక్కెమే తీసేశారు. ఆ కోపం వేటగాళ్లకి ఇప్పటికీ తగ్గలేదు.

మనకి సంబంధించిన సంగతి వేరే ఉంది. 1964 తర్వాత చాలా ఏళ్లపాటు చేసిన 94ల రిసీవర్ లోహం వేరు. దానికి మామూలు బ్లూయింగ్ (నల్ల-నీలి పూత) సరిగా పట్టదు. పట్టినా ఊదారంగు తిరుగుతుంది, లేకపోతే చారలు చారలుగా వస్తుంది. "రిసీవర్ ఒక్కటే ఇలా బోడిగా అయిపోయింది, మళ్లీ నల్లగా చేయించుకుందాం" అని వెళ్లి నిరాశపడేవాళ్లు ఎక్కువమంది ఈ బాపతే. ఆ కాలంవి ఉంటే, వాటిని చేసిన అనుభవమున్న గన్‌స్మిత్‌నే (తుపాకులు బాగుచేసేవాడిని) వెతకాలి.

ఏ పనిముట్లు కొనాలి?

ఒక్కటి మాత్రం తప్పనిసరి. తుపాకీ మరల కోసం చేసిన స్క్రూడ్రైవర్లు. మామూలువాటి కొన చివరికి పోయేకొద్దీ సన్నబడుతూ వాలుగా ఉంటుంది. గాడిలో అడుగుదాకా కూర్చోదు, తిప్పగానే జారి గాడి అంచుల్ని చెక్కేస్తుంది. తుపాకీవాటి కొన రెండు పక్కలా సమంగా ఉండి గాడిని నిండుగా పడుతుంది. చెడిపోయిన మర తల చూస్తే చాలు, ఆ తుపాకీని ఇంతకుముందు ఎవరో తెలియనివాళ్లు విప్పారని తెలిసిపోతుంది. బిగుసుకున్న మరకి లోపలికి పాకే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. రాకపోతే ఇంకో రాత్రి.

మిగతావి ఇంట్లో దొరికేవే: పాత బనీను గుడ్డలు, పళ్లు తోముకునే బ్రష్, నాలుగు సున్నాల (బాగా సన్నటి) స్టీల్ ఊల్, అంటే ఉక్కు పీచు, కోడిగుడ్ల అట్టపెట్టె. విప్పిన మరల్ని ఆ గుంటల్లో వరసగా పెట్టుకుంటే కలిసిపోవు.

చెక్క నల్లగా, జిడ్డుగా అయిపోయింది. రాచి తీసేయాలా?

రాచడం చివరి పని. చాలామంది దాన్నే మొదట చేస్తారు.

ఈ స్టాకులు (భుజానికి ఆనించే చెక్క భాగాలు) అమెరికా నల్ల అక్రోటు చెక్కతో చేసినవి. ఆ నలుపు చెక్కది కాదు. దశాబ్దాల తుపాకీ నూనె, చేతి చెమట, పొగ. ముందు గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డకి కొంచెం సబ్బు రాసి తుడవండి. ఆ గుడ్డ రంగు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇనుము పక్కన నూనె లోతుగా దిగి ఉంటే సుద్ద పొడిని ఆసిటోన్‌లో కలిపి పేస్టులా పూయాలి. ఆరేకొద్దీ సుద్ద నూనెను పైకి పీల్చి పసుపు తిరుగుతుంది. దులిపేసి మళ్లీ పూయాలి. నాకు ఆరుసార్లు పట్టింది. ఇది ఆరుబయట చేయవలసిన పని, దగ్గర్లో పొయ్యి గాని నిప్పు గాని ఉండకూడదు.

సొట్టలకి ఇస్త్రీ పెట్టె. తడిగుడ్డ సొట్ట మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరి లోపలికి దూరి నలిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. నొక్కుకుపోయిన సొట్టలే లేస్తాయి. నార తెగిన గాట్లు లేవవు. ఆవిరి పట్టాక చెక్క మీద సన్నని నూగు లేస్తుంది. దాన్ని 320 నంబరు గరుకు కాగితంతో, చెక్క నార వెంటే, పైపైన తీయాలి. మా నాన్న ఎదురు చిత్రిక పడితే వేళ్ల మీద కొట్టేవాడు. అక్రోటు కూడా అలాగే కొడుతుంది, ఎదురు రాస్తే పడిన గీతలు నూనె వేశాక గాని కనబడవు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. చెక్క ఇనుమును కలిసే అంచుని వేళ్లతో కాగితం పట్టుకుని రాచాను. అంచు గుండ్రమైపోయింది, చెక్క ఇనుము కంటే వెంట్రుకవాసి కిందికి దిగింది. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు చెక్క ఇనుము కంటే కాస్త ఎత్తుగానే ఉంటుంది, ఆ ఎత్తు పోతే ఇక తెచ్చిపెట్టలేం. ఎవరికీ కనబడదంటారు. నాకు కనబడుతుంది. ఆ అంచుల దగ్గర రాచాల్సి వస్తే గట్టి దిమ్మ మీద కాగితం చుట్టి రాయాలి, మడమ పలకని (స్టాక్ వెనక కొసన భుజానికి ఆనే పలకని) చెక్కకి బిగించి ఉంచి రాయాలి.

పూతకి నేను వాడింది అవిసె నూనె. డబ్బా మీద "బాయిల్డ్" అని ఉన్నా అది కాచింది కాదు, తొందరగా ఆరడానికి మందులు కలిపింది. పచ్చి అవిసె నూనె వేస్తే వారాలు జిగటగానే ఉంటుంది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని వేడి పుట్టేదాకా రుద్దాలి, మిగిలింది తుడిచేయాలి, ఒక రోజు వదిలేయాలి. పలచగా ఎక్కువసార్లు. మెరుపు కావాలంటే ట్రూ-ఆయిల్ అనే తుపాకీ చెక్కల పూత ఉంది, తొందరగా ఆరుతుంది. నాకు ఆ అద్దంలాంటి మెరుపు పాత తుపాకీ మీద కొత్త పట్టుచీరలా అనిపిస్తుంది, కానీ అది నా పట్టింపు.

అవిసె నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. ఈ కారణంగా ఇళ్లు కాలాయి. ఒక్కొక్క గుడ్డా విడదీసి ఆరుబయట దండెం మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి. లేదా నీళ్లు నింపిన మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

స్టాక్ వెనక సన్నటి పగులు ఉంది. మార్చేయాలా?

ఈ రైఫిళ్లలో పగులు సాధారణంగా ఒకే చోట వస్తుంది: రిసీవర్ తోక చెక్కలోకి దూరే చోటికి సరిగ్గా వెనక. ఆ తోకని పట్టి ఉంచే మర వదులైతే ప్రతి పేలుడుకీ ఇనుము చెక్కని మేకులా చీలుస్తుంది. ఆసిటోన్‌తో జిడ్డు తీసి, పగులుని మెల్లగా తెరిచి, పలచటి ఎపాక్సీ జిగురు లోపలికి దింపి, సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి ఒక రోజు వదిలేస్తే నిలుస్తుంది. పగులు అరచేతి పొడవుంటే తెలిసినవాళ్లకు చూపించండి.

ఇనుము మీద తుప్పు. ఇత్తడి సామానుకి తోమినట్టు చింతపండుతో తోమొచ్చా?

వద్దే వద్దు. మా అమ్మ కూడా ఫోన్‌లో ఇదే సలహా ఇచ్చింది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏదైనా పులుపే. తుప్పుని తింటుంది, దాంతోపాటు నల్ల పూతనీ తినేస్తుంది. ఎందుకంటే ఆ నల్ల పూత కూడా ఒక రకం తుప్పే. ఎర్ర తుప్పు ఇనుమును కొరుక్కుంటూ పోతుంది. నల్లది పొరలా అంటుకుని నూనెను పట్టుకుని ఉంటుంది.

పైపై తుప్పుకి నూనె ధారాళంగా వేసి, నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెత్తగా రుద్దాలి. కుప్పలా పేరుకున్నచోట 1982కి ముందటి అమెరికా పెన్నీ నాణెం అంచుతో గీకండి. అందులో 95 శాతం రాగి. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి తుప్పుని ఊడదీస్తుంది, ఉక్కుని గీయదు. ఒక సెంటు ఖర్చుతో ఇంతకంటే మంచి పనిముట్టు నేను చూడలేదు.

మళ్లీ నల్లగా చేయాలంటే దారులు మూడు. సీసాలో దొరికే చల్లని పూత మందు ఒకటి. చిన్న గీతలకి సరే, పెద్ద భాగానికి వేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చి నెలల్లో పోతుంది. అందులో సెలీనియం ఉంటుంది కాబట్టి తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు. రెండోది వేడి ఉప్పుల తొట్టి: కాస్టిక్ సోడా, నైట్రేట్లు కలిపి సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడుకి కాచిన ద్రావణం. కర్మాగారాల పద్ధతి. ఇంట్లో దాని ఊసే ఎత్తొద్దు, చుక్క నీరు పడితే ఎగిసిపడుతుంది, చర్మాన్ని కాల్చేస్తుంది.

మూడోది నాకు ఇష్టమైనది, తుప్పు పట్టించి నలుపు చేయడం. జిడ్డు పూర్తిగా తీసిన ఇనుముకి పలచగా మందు పూసి, తేమ ఉన్న వెచ్చని పెట్టెలో కొన్ని గంటలు ఉంచితే సన్నటి ఎర్ర తుప్పు ముఖమల్‌లా వస్తుంది. కోనసీమ వానాకాలంలో అయితే పెట్టె కూడా అక్కర్లేదు. ఇక్కడి చలికాలంలో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి లోపల నీళ్ల గిన్నె, ఒక బల్బు పెట్టాను. ఆ తుప్పుపట్టిన ఇనుమును శుద్ధజలంలో పావుగంట పైగా మరగబెడితే కళ్లముందే ఎరుపు నలుపవుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని జిడ్డు తీసిన స్టీల్ ఊల్‌తో దులిపేయాలి. మళ్లీ మందు, మళ్లీ తుప్పు, మళ్లీ మరగడం. ఏడుసార్లు చేశాను. గొట్టం రెండు కొసలకీ చెక్క బిరడాలు కొట్టాలి, లేకపోతే లోపల కూడా తుప్పు పడుతుంది. ఒట్టి చేత్తో ఒక్కసారి ముట్టుకున్నా ఆ వేలిముద్ర పూతలో ఉండిపోతుంది. చివర్లో నూనె వేస్తే వచ్చే రంగు కాటుక నలుపు కాదు, మబ్బు పట్టిన సాయంత్రం రంగు.

గొట్టం మీది అక్షరాలు, నంబర్లు జాగ్రత్త. తెలిసినవాళ్లొకరు తమ రైఫిల్‌ని ఒక షాపుకిస్తే, మోటారు చక్రం మీద పెట్టి మెరుగు దిద్దారు. అక్షరాలన్నీ అరిగిన గుడి శాసనంలా అయ్యాయి.

గొట్టం లోపల శుభ్రం ఎలా?

కంచు బ్రష్, ద్రావకం, గుడ్డముక్కలు. గుడ్డ నల్లగా వస్తే మందుగుండు మసి, ఆకుపచ్చగానో నీలంగానో వస్తే గుండు తొడుగు నుంచి అంటుకున్న రాగి చిలుము. తెల్లగా వచ్చేదాకా చేయాలి, ఓపిక లేకపోతే రెండు రోజులకి పంచుకోండి. ఆ మసిలో సీసం కూడా ఉంటుంది. తినే బల్ల మీద చేయొద్దు, అయ్యాక చేతులు కడుక్కోండి.

ఏది నేనే చేయకూడదు?

ట్రిగ్గర్, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తిలాంటి భాగం), వాటి మధ్య పట్టు. ఆ అంచుల్ని ఆకురాయితో "నున్నగా" చేయాలని ఎవరు చెప్పినా వినొద్దు. అలాగే తూటా వెనక ఎంత సందు ఉందో కొలిచే పరీక్ష. దానికి గేజ్‌లుంటాయి, గన్‌స్మిత్ నిమిషాల్లో చూస్తాడు. ఎన్నో ఏళ్లు పేలని తుపాకీని బాగుచేశాక, కాల్చేముందు ఈ పరీక్ష తప్పనిసరి. మన పని అందం వరకే. ప్రాణాల మీదికి వచ్చేది లైసెన్సున్నవాళ్లకి వదిలేయండి.

షాపులో రాత్రి ఉంచుకుంటే వాళ్లు తమ చిట్టాలో రాసుకుంటారు. భయపడక్కర్లేదు, తిరిగి మీకే ఇచ్చేటప్పుడు కొత్తగా ఫారం నింపాల్సిన పని లేదు.

స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టించాలి, పిల్లవాడికి సరిపడా చేయాలి. ఏం మార్చవచ్చు?

పాత 94లు కాల్చిన తూటా డొల్లను నిట్టనిలువుగా పైకి విసురుతాయి. మీద స్కోప్ పెడితే డొల్ల దానికే తగులుతుంది. 1982లో డొల్ల పక్కకి పోయేలా మార్చాక గాని ఆ ఇబ్బంది తీరలేదు. పాతదానికి స్కోప్ కోసం రంధ్రాలు వేయించడమంటే దాని విలువనీ రూపాన్నీ ఒకేసారి పోగొట్టుకోవడం. కళ్లు మసకబారినవాళ్లకి వెనక వైపు సన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ ఉంది. కొన్ని రకాలు ఉన్న మర రంధ్రాల్లోనే కూర్చుంటాయి.

పొడవు విషయం. మడమ పలక నుంచి ట్రిగ్గర్ దాకా దూరం పెద్దవాళ్లకి సుమారు పదమూడున్నర అంగుళాలు. పన్నెండేళ్ల పిల్లకి ఒక అంగుళం తక్కువ కావాలి. అసలు చెక్కని కోయొద్దు. విడిగా దొరికే స్టాక్ ఒకటి కొని దాన్ని కోయండి, అసలుదాన్ని గుడ్డలో చుట్టి దాచండి. ఎలాగూ పిల్ల నాలుగేళ్లలో పెరుగుతుంది. రబ్బరు మెత్త కూడా ఆ రెండోదానికే బిగించండి.

గొట్టాన్ని మాత్రం పొట్టి చేయొద్దు. రైఫిల్ గొట్టం 16 అంగుళాల కంటే తగ్గితే ఫెడరల్ చట్టంలో అది ఇంకో జాతి ఆయుధం.

తెలుగులో పేరు చెక్కించవచ్చా?

నిక్షేపంగా. కానీ ఇనుము మీద వద్దు. స్టాక్ కింది అంచులో చిన్న కోలగుడ్డు ఆకారపు వెండి బిళ్ల పొదిగించి దాని మీద చెక్కించండి. రేపు ఇష్టం లేకపోతే బిళ్ల మార్చుకోవచ్చు.

ఒక చిక్కుంది. ఇక్కడి చెక్కుడు పనివాళ్ల చేయి నిలువుగీతల రోమన్ అక్షరాలకి అలవాటు పడింది. మన "ఱ", "ఔ" చూపిస్తే తల పట్టుకుంటారు. వంకర తిరిగిన గీతకి ఉలి తిప్పరు, వస్తువుని పట్టిన గుండ్రటి పట్టకారునే తిప్పుతారు, కాబట్టి నిజానికి మన లిపి వాళ్ల పనిముట్టుకి బాగానే కుదురుతుంది. కష్టమల్లా ఏ గీత ఎక్కడ ఆగాలో తెలియకపోవడం. ఫోన్‌లోని ఫాంటు పంపొద్దు. అంగుళం ఎత్తున చేత్తో రాసి, గీత మొదలు, చివర బాణాలు గుర్తుపెట్టి పంపండి. తలకట్టుని అక్షరం నుంచి విడదీసేశారేమో బిళ్ల పొదిగేముందే చూడండి. మా బావమరిది బిళ్ల మీద వాళ్ల తాతగారి పొడి అక్షరాలు ఇంగ్లీషులోనే వేయించాను, కింద మా అబ్బాయి అడిగాడని తెలుగులో "తాత" అని. అక్షరాలు రెండే కాబట్టి బతికిపోయాను.

మడమ పలక విప్పితే లోపల ఏదో చీటీ దొరుకుతుందని కథలు విన్నాను. ఆశగా విప్పాను. ఎండిన గ్రీజు, ఒక చచ్చిన కందిరీగ. నేను మాత్రం ఏమేం చేశానో, ఏ నూనె వాడానో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టాను. తర్వాత విప్పేవాడికి పనికొస్తుంది.

ఊరికే చేతికిచ్చేస్తే సరిపోతుందా? కాగితాలేమైనా కావాలా?

ఇద్దరూ ఒకే రాష్ట్రంలో ఉండి, తీసుకునేవాళ్లకి తుపాకీ ఉంచుకునే అర్హత ఉంటే, ఫెడరల్ చట్టానికి కాగితం అక్కర్లేదు. రాష్ట్రాలది వేరు. కొన్నిచోట్ల చేతులు మారిన ప్రతిసారీ డీలర్ దగ్గర తనిఖీ జరగాలి. అలాంటి చాలా రాష్ట్రాల్లో దగ్గరి బంధువులకి మినహాయింపు ఉంటుంది, కానీ బావమరిది దగ్గరి బంధువా కాదా అన్నది రాష్ట్రానికో రకం.

వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకి ఇవ్వాలంటే లైసెన్సున్న డీలర్ ద్వారానే, తుపాకీ తీసుకునేవాళ్లు నింపే 4473 అనే ఫెడరల్ ఫారం నింపి. కారులో వేసుకెళ్లి థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర చేతిలో పెట్టడం ముచ్చటగానే ఉంటుంది, చట్టం ఒప్పుకోదు. వీలునామా ద్వారానో వారసత్వంగానో వచ్చినప్పుడు మాత్రం ఈ సరిహద్దు నియమానికి మినహాయింపు ఉంది.

మా ఊళ్లో మా తాతగారి తుపాకీ ఉంది. దాన్నీ ఇలాగే చేయొచ్చా? ఇక్కడిది ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

రెండో ప్రశ్నకి జవాబు ముందు: ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. తుపాకీ సంగతి అలా ఉంచి, వేటకి వాడిన సంచితో విమానం ఎక్కొద్దు. మూల మడతలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసే.

ఇక ఊళ్లోది. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు. లైసెన్సుదారు పోయాక తుపాకీ ఇంట్లో ఉంచుకుని "తర్వాత చూద్దాం" అనుకోవడం కుదరదు. దాన్ని పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సున్న డీలర్ దగ్గర గాని జమ చేసి, వారసులు తమ పేరున లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవాలి. ఆయన ఉండగానే ఇవ్వాలంటే, ఆయనకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా దగ్గరున్నా వారసుడి పేరు సూచించవచ్చు. 2019 సవరణతో ఒక మనిషికి ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకి తగ్గింది, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది. మరమ్మతు కూడా లైసెన్సున్న షాపులోనే. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీవాళ్ల .315 రైఫిల్ అయినా సరే, అక్కడ దాంతో అడవికి వెళ్లే రోజులు 1972 వన్యప్రాణి చట్టంతోనే అయిపోయాయి.

మేం మాంసం ముట్టం. ఇలాంటిది ఇంట్లో ఉండొచ్చా?

అది మీ ఇంటి ప్రశ్న. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ రైఫిల్ ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు, దసరాకి మాత్రం "ఆయుధమేగా, బొట్టు పెట్టండి" అని బయటి నుంచే చెప్పింది. ఇక్కడి వేటకి రోజులు, లెక్క, లైసెన్స్ ఉంటాయి. 1937 నాటి ఒక చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద వేసే 11 శాతం పన్ను అడవి జంతువుల సంరక్షణకే పోతుంది. పెన్సిల్వేనియాలో జింకల రైఫిల్ వేట 2018 దాకా థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, ఆ రోజు చాలా బడులకి సెలవు. నేను ఒక్కసారి వెంట వెళ్లాను. చలికి వణుకుతూ చెట్టుకి ఆనుకుని కూర్చోవడం తప్ప ఏమీ జరగలేదు.

దానితోపాటు పాత తూటాల పెట్టె కూడా దొరికింది. వాడొచ్చా?

చిలుము పట్టినవి, పగుళ్లున్నవి వద్దు. చెత్తలోనూ వేయొద్దు, స్థానిక పోలీసుల్నో తుపాకుల షాపునో అడిగి అప్పగించండి. కొత్తవి కొనేటప్పుడు ఒక సంగతి: ఈ రైఫిల్ ట్యూబులో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఒకదాని కొన ముందుదాని అడుగున పేలే బిళ్లకి ఆని ఉంటుంది. కొన సూదిగా ఉంటే కుదుపుకి ట్యూబులోనే పేలవచ్చు. అందుకే థర్టీ-థర్టీ గుండ్లు బల్లపరుపు ముక్కుతో ఉంటాయి. ట్యూబు కోసమే చేసిన మెత్తని ప్లాస్టిక్ కొనవి కూడా దొరుకుతాయి.

ఇచ్చేశాక వాళ్లు ఎలా చూసుకోవాలి?

తోలు సంచిలో మాత్రం పెట్టొద్దు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలుని పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. మా ఆవిడ తాతగారి రైఫిల్‌కి ఆ గతి పట్టించింది వాన కాదు, ఆ అందమైన సంచే. కొబ్బరి నూనె రాయొద్దు, 24 డిగ్రీల కింద గడ్డకట్టి ఇక్కడి చలికి మీట కదలనివ్వదు. పలచటి తుపాకీ నూనె ఒక చుక్క గుడ్డకి రాసి, ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి. ఇనుప బీరువాలో తాళం వేసి, తూటాలు వేరే చోట వేరే తాళంలో ఉంచాలి. కానుకతోపాటు తాళం కూడా కొనివ్వండి, విడిగా కొనుక్కుంటాంలే అన్నవాళ్లు కొనరు. నిలువుగా పెడితే గొట్టం కిందికి ఉండేలా పెట్టమనండి, లేకపోతే నూనె కారి చెక్కలోకి దిగి, పదేళ్లకి ఎవరో మళ్లీ సుద్ద పొడి కలుపుకోవాల్సి వస్తుంది.